అనుమానపు మచ్చ: మొదట చూసే కళ్లకు శిక్షణ ఎలా ఉండాలి?

సంక్షిప్తంగా: చర్మ క్యాన్సర్‌ను మొదట చూసేది చాలాసార్లు చర్మ నిపుణులు కాదు. జ్వరానికో బీపీకో మందు రాసే డాక్టరు, కట్టు మార్చే నర్సు, పాదాల సంరక్షణ చూసే సిబ్బంది. వీరికి ఒక్కరోజు శిక్షణ ఇచ్చినా గుర్తింపు మెరుగుపడుతుందని ఆధారాలున్నాయి. ఆ మెరుగుదల నిలవాలంటే, తాము అనుమానించిన మచ్చ చివరికి ఏమని తేలిందో వారికి తిరిగి తెలియాలి. తెల్లని చర్మం ఫొటోలతోనే నేర్చుకున్న కన్ను ముదురు రంగు చర్మం మీద, అరికాలి మీద తడబడుతుంది. అనుమానం పెరిగే కొద్దీ అనవసరపు కోతలూ పెరుగుతాయి కాబట్టి, ఏది వదిలేయవచ్చో నేర్పడం కూడా శిక్షణలో భాగమే.

## అరనిమిషంలో తేలిపోయే విషయం

ఒంటి మీద మచ్చ చూపించడానికే ఆస్పత్రికి వెళ్లేవాళ్లు తక్కువ. దగ్గుకు వెళ్తారు, షుగర్ పరీక్షకు వెళ్తారు, నడుం నొప్పికి వెళ్తారు. ఊపిరి చప్పుడు వినడానికి స్టెతస్కోప్ పెట్టినప్పుడు వీపంతా డాక్టరు కళ్ల ముందే ఉంటుంది. అక్కడున్న నల్లమచ్చను దాటేస్తారా, ఆగి "ఇది ఎప్పటి నుంచి ఉంది?" అని అడుగుతారా అన్నది అరనిమిషంలో తేలిపోతుంది. ఆరోగ్య సిబ్బందికి చర్మ క్యాన్సర్ మీద ఇచ్చే శిక్షణంతా ఆ అరనిమిషం కోసమే.

ఆ కొద్ది క్షణాలకు అంత విలువ ఎందుకో తెలియాలంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్, మెలనోమా, ఎలా పెరుగుతుందో చూడాలి. చర్మ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేవి బేసల్ సెల్, స్క్వేమస్ సెల్ రకాలు. మెలనోమా వాటికంటే అరుదు, కానీ చర్మ క్యాన్సర్ మరణాల్లో పెద్ద వాటా దానిదే. 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3.3 లక్షల కొత్త మెలనోమా కేసులు, 58 వేలకు పైగా మరణాలు నమోదైనట్టు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. చాలా మెలనోమాలు మొదట్లో చర్మం పైపొరలోనే అడ్డంగా పాకుతాయి. కొన్నాళ్లకు కిందికి దిగడం మొదలుపెడతాయి. కిందికి దిగితేనే రక్తనాళాలు, లింఫ్ నాళాలు అందుతాయి, వాటి ద్వారా వ్యాధి ఇతర అవయవాలకు పాకుతుంది.

1970లో అమెరికన్ పాథాలజిస్టు అలెగ్జాండర్ బ్రెస్లో ఈ లోతును మిల్లీమీటర్లలో కొలిస్తే రోగి భవిష్యత్తును చాలావరకు అంచనా వేయవచ్చని చూపించాడు. ఇప్పటికీ మెలనోమా దశలను నిర్ణయించేటప్పుడు మొదట చూసేది ఆ కొలతనే. 1 మి.మీ. లోపు మందం ఉన్నది మొదటి వర్గం, 4 మి.మీ. దాటితే చివరి వర్గం. అమెరికా గణాంకాల ప్రకారం, పుట్టిన చోటే ఉండగా పట్టుబడిన మెలనోమాలో ఐదేళ్ల తర్వాత బతికి ఉండే అవకాశం దాదాపు నూరు శాతం. దూరపు అవయవాలకు పాకాక అది సుమారు 35 శాతానికి పడిపోతుంది. మచ్చ అడ్డంగా పాకుతున్న ఆ కాలమే గుర్తింపుకు దొరికే గడువు.

## సూత్రాలు ఎక్కడిదాకా పనికొస్తాయి

శిక్షణ అనగానే ముందుగా నేర్పేది ఏబీసీడీఈ సూత్రం. మచ్చలో చూడాల్సిన ఐదు లక్షణాల ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలివి. న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు 1985లో మొదటి నాలుగు అక్షరాలనూ ప్రతిపాదించారు. మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచు తెగినట్టో కరిగినట్టో ఉండడం, ఒకే మచ్చలో రకరకాల రంగులు కనిపించడం, వెడల్పు 6 మి.మీ. దాటడం. ఐదోది 2004లో చేరింది: కాలంతో మారుతూ ఉండడం. 1980ల్లోనే స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వైద్యులు ఏడు అంశాల పట్టిక తయారుచేశారు. అందులో పరిమాణం, ఆకారం, రంగు మారడానికి రెండేసి మార్కులు. వెడల్పు, వాపు, రసి లేదా రక్తం కారడం, దురదలాంటి కొత్త స్పర్శ వంటివాటికి ఒక్కో మార్కు. బ్రిటన్‌లో మొత్తం మూడు మార్కులు వస్తే నిపుణుల దగ్గరికి పంపాలన్నది వాడుకలో ఉన్న మార్గదర్శకం.

ఈ సూత్రాల వల్ల మేలు జరిగింది. గుర్తుపెట్టుకోవడం తేలిక, పేషెంటుకూ చెప్పవచ్చు. కానీ వీటినే పరీక్షగా మార్చేస్తే ప్రమాదకరమైన మచ్చలే జారిపోతాయి. బొడిపెలా పైకి ఉబికే నాడ్యులర్ మెలనోమా తరచూ గుండ్రంగా, ఒకే రంగులో, అంచు తేటగా ఉంటుంది. రెండు సగాలూ ఒకేలా ఉంటాయి కాబట్టి సూత్రం ప్రకారం నిరపాయకరమే. పైగా ఇది అడ్డంగా పాకే దశను దాదాపు దాటేసి నేరుగా లోతుకు దిగుతుంది, అందుకే వారాల లెక్కన ముదురుతుంది. రంగే లేని మెలనోమా గులాబీ రంగు మొటిమలా కనిపిస్తుంది. అందుకే "పైకి లేచి, తాకితే గట్టిగా తగులుతూ, నెలకు పైగా పెరుగుతూనే ఉన్నది ఏదైనా అనుమానించాలి" అన్న అదనపు నియమాన్ని చాలా శిక్షణల్లో చేర్చారు.

6 మి.మీ. గీత కూడా అంతే. చిన్న మెలనోమాలు ఉంటాయి. "పెన్సిల్ చివర కంటే చిన్నదేలే" అని వదిలేయడానికి ఆ అంకె సాకు కాకూడదు.

ఉన్న పుట్టుమచ్చే క్యాన్సర్‌గా మారుతుందన్నది మరో పాత నమ్మకం. అందరూ అలాగే అనుకుంటారు, వైద్య సిబ్బందిలోనూ చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి మెలనోమాల్లో సుమారు 70 శాతం అంతకుముందు ఏమీ లేని చర్మం మీద కొత్తగా పుడతాయి. "ఇది కొత్తగా వచ్చిందండీ" అన్న మాట పెద్దవాళ్ల నోట వచ్చినప్పుడు దానికి ఎక్కువ బరువివ్వాలి.

## కన్ను ఎలా నేర్చుకుంటుంది

అనుభవం ఉన్న చర్మ నిపుణులు అక్షరాలు లెక్కపెట్టుకుంటూ మచ్చను చూడరు. ఆ మనిషి ఒంటి మీద ఉన్న మిగతా మచ్చలన్నిటినీ ఒక్కచూపులో చూస్తారు. వాటితో కలవని ఒక్కటి ఉంటే అక్కడ ఆగుతారు. 1998లో ఫ్రెంచి వైద్యులు ఈ పద్ధతిని వివరించారు: ఒక మనిషి పుట్టుమచ్చలకు కుటుంబ పోలిక ఉంటుంది, ఆ పోలిక లేనిదాన్ని పట్టుకోవాలి. ఒంటినిండా ముదురు రంగు పెద్ద మచ్చలున్న మనిషిలో చిన్న లేత ఎర్రమచ్చే అనుమానాస్పదం కావచ్చు. ఏబీసీడీఈ లెక్క ఆ విషయం చెప్పదు.

ఈ చూపు ఉపన్యాసాలతో రాదు. బ్యాంకు క్యాషియరు నకిలీ నోటును పట్టేది నకిలీల జాబితా బట్టీపట్టి కాదు, రోజంతా అసలు నోట్లు లెక్కపెట్టిన చేతికి తేడా తెలిసిపోతుంది. మచ్చల విషయంలోనూ మొదట నేర్పాల్సింది హాని లేనివే. వయసు మీద పడ్డాక వచ్చే, మైనపు ముద్ద అతికించినట్టుండే సెబోరిక్ కెరటోసిస్. నొక్కితే మధ్యలో గుంట పడే డెర్మటోఫైబ్రోమా. ఎర్రని చిన్న రక్తనాళాల గుబ్బలు. మామూలు పులిపిర్లు. ఈ నాలుగైదింటిని ధీమాగా గుర్తుపట్టగలిగినవాళ్లకు అనుమానపు మచ్చల సంఖ్య బాగా తగ్గిపోతుంది. చాలా కోర్సులు దీన్ని పక్కనపెట్టి మెలనోమా ఫొటోలతో మొదలుపెడతాయి. దాంతో విద్యార్థికి భయం నేర్పినట్టవుతుంది గాని చూపు రాదు.

ఇక్కడ మరో మెలిక ఉంది. శిక్షణలో చూపించే ఫొటోల్లో క్యాన్సర్లు చాలానే ఉంటాయి. క్లినిక్‌లో వందల మచ్చల్లో ఒకటి ఉంటుందో లేదో. అరుదుగా కనిపించేదాన్ని మనిషి కన్ను ఎక్కువగా దాటేస్తుందని, కనిపించినా "కాదులే" అని ముందుకు వెళ్లిపోతుందని 2005లో అమెరికాలో జరిగిన దృశ్య శోధన ప్రయోగాలు చూపించాయి. విమానాశ్రయాల్లో బ్యాగులు స్కాన్ చేసేవారికీ, ఎక్స్‌రేలు చదివేవారికీ ఇదే సమస్య. అంటే కోర్సు చివరి పరీక్షలో 90 మార్కులు తెచ్చుకున్న డాక్టరు తన గదిలోకి వెళ్లాక అంత బాగా పట్టలేకపోవచ్చు. అందులో ఆయన అశ్రద్ధ ఏమీ లేదు, కన్ను పనిచేసే తీరే అంత.

దీనికి విరుగుడుగా పనిచేసేది ఫలితం తిరిగి అందడం. డాక్టరు ఒక మచ్చను అనుమానించి పంపుతాడు. బయాప్సీ రిపోర్టు నిపుణుడి దగ్గరికి వెళ్తుంది, పేషెంటుకు చికిత్స జరుగుతుంది, కథ అక్కడితో ముగుస్తుంది. పంపిన డాక్టరుకు తన అంచనా సరైందో కాదో ఎప్పటికీ తెలియదు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలా వందల మచ్చలు చూసినా, ఒక్కదాని ఫలితమూ తెలియకపోతే ఆ అనుభవం చదువుగా మారదు. శిక్షణ కార్యక్రమాల్లో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఈ తిరుగు దారే. దీనికి పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు. ఫొటో, అప్పటి అంచనా, తర్వాత వచ్చిన రిపోర్టు ఈ మూడూ ఒకచోట కనిపిస్తే చాలు.

## డెర్మటోస్కోప్: పరికరం కొంటే సరిపోదు

చర్మం మీద పడ్డ వెలుతురు పైపొర దగ్గరే చెల్లాచెదురై లోపలి నిర్మాణాన్ని కనబడనీయదు. డెర్మటోస్కోప్ ఆ మెరుపును తొలగించి, సుమారు పది రెట్లు పెద్దదిగా చూపించే చేతి పరికరం. దాంతో రంగు కణాల వల, చుక్కలు, రక్తనాళాల తీరు కనిపిస్తాయి. వైద్య ఆధారాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2018లో పాత అధ్యయనాలను కలిపి విశ్లేషించింది. క్యాన్సర్ కాని మచ్చల్లో 80 శాతాన్ని సరిగ్గా వదిలేసే స్థాయి దగ్గర పోల్చినప్పుడు, పేషెంటును ఎదురుగా చూసి ఉత్త కంటితో 76 శాతం మెలనోమాలు పట్టుబడితే, డెర్మటోస్కోప్‌తో 92 శాతం పట్టుబడ్డాయి.

అయితే 2002 నాటి ఒక ప్రసిద్ధ విశ్లేషణ చెప్పిన మాటను దీని పక్కనే పెట్టుకోవాలి. శిక్షణ లేనివారి చేతిలో డెర్మటోస్కోప్ ఉత్త కంటికంటే మెరుగేమీ కాదు. కొత్తగా కనిపించే వలలు, చుక్కలు, నీలిఛాయలు ఏమిటో తెలియనివారికి అవి గందరగోళమే.

ఎంత శిక్షణ కావాలి? 2006లో వెలువడిన ఒక అధ్యయనం ఇందుకు మంచి ఆధారం. స్పెయిన్‌లోని బార్సిలోనా, ఇటలీలోని నేపుల్స్ నగరాల్లో 73 మంది ప్రాథమిక వైద్యులకు ఒక్కరోజు శిక్షణ ఇచ్చారు. తర్వాత వారిని రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపు ఉత్త కంటితో, మరొకటి డెర్మటోస్కోప్‌తో పేషెంట్లను చూసింది. నిపుణులకు పంపాల్సిన మచ్చల్ని ఉత్త కంటి గుంపు 54.1 శాతం పట్టుకుంటే, పరికరం ఉన్న గుంపు 79.2 శాతం పట్టుకుంది. రెండు గుంపులూ హాని లేనివాటిని వదిలేసే రేటు దాదాపు ఒకటే, 71 శాతం చిల్లర. అంటే తప్పుడు హెచ్చరికలు పెరగకుండానే నిజమైనవి ఎక్కువ దొరికాయి. వాళ్లకు నేర్పింది క్యాన్సర్ పేరు చెప్పడం కాదు. మూడే ప్రశ్నలు: సౌష్ఠవం తప్పిందా, వల క్రమం తప్పిందా, నీలం-తెలుపు ఛాయలున్నాయా? రెండిటికి అవునంటే పంపాలి. మొదటి వరుస సిబ్బందికి ఇలాంటి చిన్న ప్రశ్నే నప్పుతుంది. "ఇది ఏమిటి?" అన్నది నిపుణుల ప్రశ్న, "పంపాలా వద్దా?" అన్నది వీరి ప్రశ్న.

## ముదురు చర్మం, అరికాలు, గోరు

పాఠ్యపుస్తకాల్లో ఎక్కువ ఫొటోలు తెల్లని చర్మంవే. లండన్‌లోని సెయింట్ జార్జ్ విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థి మలోన్ ముక్వెండే, ముదురు చర్మం మీద వ్యాధి లక్షణాలు ఎలా ఉంటాయో చూపించే పుస్తకాన్ని 2020లో ఇద్దరు అధ్యాపకులతో కలిసి తెచ్చాడు. వైద్యవిద్యలో ఈ లోటు మీద అప్పుడు పెద్ద చర్చే జరిగింది. "ఎర్రబడడం" అని పుస్తకంలో ఉన్నది ముదురు చర్మం మీద ఊదాగానో బూడిద రంగుగానో కనిపిస్తుంది. ముత్యపు మెరుపుతో ఉంటుందని చెప్పే బేసల్ సెల్ క్యాన్సర్ ముదురు చర్మం మీద తరచూ నల్లగా ఉండి, మామూలు పుట్టుమచ్చ అనిపిస్తుంది.

ఎక్కడ వెతకాలన్నదీ మారుతుంది. ముదురు చర్మం ఉన్నవారిలో మెలనోమా మొత్తంగా అరుదు. వచ్చినప్పుడు మాత్రం ఎండ తగలని చోట్ల, అంటే అరికాలు, అరచేయి, గోరు కింద ఎక్కువగా వస్తుంది. తెల్లజాతి ప్రజల మెలనోమాల్లో ఈ రకం నూటికి రెండు మూడే. తూర్పు ఆసియా ప్రజల్లో దాదాపు సగం ఇదే. ఎండకూ దీనికీ గట్టి సంబంధం కనిపించదు. "నల్లని చర్మానికి చర్మ క్యాన్సర్ రాదు" అన్న మాట సిబ్బంది మనసులో ఉంటే ఇది ఆలస్యంగానే బయటపడుతుంది. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో బయటపడిన మెలనోమా కాలి బొటనవేలి గోరు కిందే. 1981లో 36 ఏళ్లకే ఆయన చనిపోయాడు.

అరికాలి మెలనోమాను దేనిగా పొరబడతారో చూస్తే ఆలస్యం ఎలా జరుగుతుందో తెలుస్తుంది. ఆనికాయ అనుకుని చెక్కుతారు. పులిపిరి అనుకుని అతిశీతలంతో గడ్డకట్టిస్తారు. షుగర్ పుండు అనుకుని నెలల తరబడి కట్లు కడతారు. గోరు కింద ఫంగస్ అనో, దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిందనో మందు రాస్తారు. ప్రతి అంచనా దానికదే సబబైనదే, ఎందుకంటే అవే ఎక్కువగా కనిపించే సమస్యలు. లోపం వేరేచోట ఉంది. ఆ చికిత్సకు గడువు పెట్టుకోకపోవడమే అసలు లోపం. పాదాల కోసం బ్రిటన్ వైద్యులు 2010లో ప్రతిపాదించిన ఐదు సూచనల్లో ఇదీ ఒకటి: రెండు నెలల్లో మానని గాయాన్ని మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి. మిగతా నాలుగు రంగు ఉండడం, నిర్ధారణ తేలకపోవడం, రక్తం రావడం, పెరగడం.

అరికాలి మచ్చను డెర్మటోస్కోప్‌తో చూసినప్పుడు జపాన్ వైద్యులు వివరించిన ఒక ఆనవాలు చాలా ఉపయోగపడుతుంది. వేలిముద్రల్లో ఉన్నట్టే అరికాలి మీదా గట్లు, వాటి మధ్య చాళ్లు ఉంటాయి. రంగు చాళ్ల వెంట ఉంటే మామూలు పుట్టుమచ్చ కావడానికి అవకాశం ఎక్కువ. రంగు గట్ల వెంట పరుచుకుని ఉంటే మెలనోమాను అనుమానించాలి. గోళ్ల విషయంలో, ముదురు చర్మం ఉన్నవారికి చాలా గోళ్ల మీద నిలువు నల్లచారలు సహజంగానే ఉంటాయి. ఒకే ఒక్క గోటి మీద కొత్తగా వచ్చి వెడల్పవుతున్న చార, లేదా నలుపు గోరు దాటి పక్క చర్మం మీదికి పాకడం మాత్రం వెంటనే పంపాల్సినవి. కాలిన గాయపు మచ్చ మీద, ఏళ్లుగా మానని పుండు మీద వచ్చే స్క్వేమస్ సెల్ క్యాన్సర్ మరొకటి. కట్లు కట్టే నర్సులు ఇలాంటి పుండు అంచు గట్టిపడడాన్ని, పైకి లేవడాన్ని అందరికంటే ముందు చూస్తారు. కాబట్టి చర్మ శిక్షణను డాక్టర్లకే పరిమితం చేయడం సరికాదు.

## జర్మనీలో ఏం జరిగింది

శిక్షణను పెద్ద ఎత్తున ప్రయత్నించిన దేశం జర్మనీ. ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలో 2003 జులై నుంచి 2004 జూన్ వరకు 20 ఏళ్లు దాటిన 3.6 లక్షల మందికి ఒళ్లంతా పరీక్షించారు. పాల్గొన్న వైద్యులు ముందుగా ఎనిమిది గంటల కోర్సు చేయాలి. ఆ తర్వాతి ఐదేళ్లలో ఆ రాష్ట్రంలో మెలనోమా మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఈ ఫలితం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. 2008లో దేశమంతటా 35 ఏళ్లు దాటినవారికి రెండేళ్లకోసారి పరీక్ష మొదలుపెట్టారు.

తర్వాత లెక్కలు నిరాశపరిచాయి. దేశవ్యాప్తంగా మరణాలు అలా తగ్గలేదు. ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్‌లో కూడా మళ్లీ పాత స్థాయికి చేరాయి. ఎందుకన్నదాని మీద పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. మొదటి ప్రాజెక్టుతో పాటు నడిచిన ప్రచారం వల్ల అనుమానపు మచ్చలున్నవాళ్లే ఎక్కువగా వచ్చి ఉండవచ్చని కొందరు, మరణ కారణాలు నమోదు చేసిన తీరులో తేడా ఉందని మరికొందరు అంటారు. లక్షణాలు లేని అందరికీ చర్మ పరీక్ష చేయాలా అన్నదానిపై తగినన్ని ఆధారాలు లేవని అమెరికా నివారణ సేవల నిపుణుల బృందం 2023లో కూడా తేల్చింది.

దీన్ని శిక్షణ వృథా అనడానికి ఆధారంగా తీసుకోకూడదు. అందరినీ పిలిచి వెతకడం వేరు, ఎదురుగా వచ్చిన మచ్చను సరిగ్గా అంచనా వేయడం వేరు. మొదటిదాని మీద ఆధారాలు బలహీనం. రెండోదానికి శిక్షణ తప్పనిసరి.

## ఎక్కువ అనుమానపడితే

ఒక ఊహా లెక్క చూద్దాం. 1,000 మచ్చల్లో 10 క్యాన్సర్లు ఉన్నాయనుకుందాం. డాక్టరు 90 శాతం క్యాన్సర్లను పట్టగలడు, హాని లేనివాటిలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేయగలడు. అప్పుడు 9 క్యాన్సర్లు దొరుకుతాయి, ఒకటి జారిపోతుంది. వాటితో పాటు హాని లేని 198 మచ్చలూ నిపుణుల దగ్గరికి వెళ్తాయి. అంత మంచి డాక్టరు చేతిలోనే పంపిన ప్రతి 20కి పైగా మచ్చల్లో ఒకటే క్యాన్సర్. మిగతావాళ్లకు టెన్షన్, కొందరికి కోత, మచ్చ మీద మచ్చ. నిపుణుల దగ్గర క్యూ పెరిగి, నిజంగా తొందరపడాల్సిన పేషెంటు ఆ వరుసలోనే వెనకబడవచ్చు.

ఇంకా లోతైన చిక్కు ఒకటుంది. అమెరికాలో మెలనోమా నిర్ధారణలు 40 ఏళ్లలో ఆరు రెట్లు పెరిగితే మరణాల రేటు అంతగా మారలేదని 2021లో ప్రచురితమైన ఒక విశ్లేషణ ఎత్తిచూపింది. ఎప్పటికీ హాని చేయని సన్నని మచ్చలకు కూడా క్యాన్సర్ పేరు పడుతోందన్నది ఆ వాదన. దీనిమీద వాదప్రతివాదాలు ఉన్నా, సారం శిక్షణకు వర్తిస్తుంది. ఎన్ని మచ్చలు పంపారన్నది విజయానికి కొలత కాదు.

## కంప్యూటర్ తోడైతే

2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు దాదాపు 1.3 లక్షల చిత్రాలతో నేర్పిన ప్రోగ్రాము 21 మంది చర్మ నిపుణులకు దీటుగా నిలిచింది. ఆ తర్వాత లోపాలు బయటపడ్డాయి. అనుమానపు మచ్చ పక్కన డాక్టర్లు స్కేలు పెట్టి ఫొటో తీస్తారు, పెన్నుతో గుర్తు పెడతారు. ప్రోగ్రాములు ఆ స్కేలునూ పెన్ను గీతనూ చూసి క్యాన్సర్ అనడం నేర్చుకున్నాయి. ఎక్కువగా వాడే చిత్ర సంచికల్లో ఒకటైన 10,015 ఫొటోల సంచిక ఆస్ట్రియాలోని వియన్నా, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చింది. అక్కడి పేషెంట్లలో ఎక్కువమందిది తెల్లని చర్మమే. అంటే పాఠ్యపుస్తకాల్లోని లోటే ఇక్కడా కనిపిస్తుంది.

2020లో వచ్చిన మరో అధ్యయనం శిక్షణకు నేరుగా సంబంధించింది. కంప్యూటర్ సలహా వల్ల ఎక్కువ లాభపడింది అనుభవం తక్కువ ఉన్నవారే. కానీ సలహా కావాలని తప్పుగా ఇచ్చినప్పుడు నిపుణులు కూడా దాని వెంట వెళ్లారు. సొంత అంచనాను ముందుగా రాసుకుని, తర్వాతే కంప్యూటర్ మాట చూడడం అలవాటు చేయాల్సింది ఇందుకే.

## దేన్ని కొలవాలి

చాలా కోర్సులు చివర్లో ఫొటోల క్విజ్ పెట్టి, మార్కులు పెరిగాయని నివేదిక ఇస్తాయి. కొన్ని నెలలకు ఆ మార్కులు తగ్గుతాయి, ఆ సంగతి ఎవరూ చూడరు. కొలవాల్సినవి వేరే ఉన్నాయి. ఆ ప్రాంతంలో మెలనోమాలు సగటున ఎంత మందంలో పట్టుబడుతున్నాయి? ఒక క్యాన్సర్‌కు ఎన్ని హాని లేని మచ్చలు కోస్తున్నారు? అనుమానించిన రోజు నుంచి రిపోర్టు వచ్చేదాకా ఎంత కాలం పడుతోంది? తొలగించిన ప్రతి కణజాలాన్నీ ల్యాబ్‌కు పంపుతున్నారా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపించినా చాలా ముఖ్యమైంది. పులిపిరి అనుకుని కాల్చేస్తే పరీక్షించడానికి ఏమీ మిగలదు. మెలనోమా అనుమానం ఉన్నప్పుడు మచ్చ నుంచి చిన్న ముక్క మాత్రమే తీస్తే అసలు మందం తెలియకపోవచ్చు. వీలైనప్పుడు చుట్టూ కొద్ది అంచుతో మచ్చ మొత్తం తీసి పంపాలి. అది చేయలేని చోట ఉన్నవారు చేతులు పెట్టకుండా పంపడమే సరైన చికిత్స. ఆ పంపే చీటీలో మచ్చ ఎక్కడ ఉంది, ఎప్పటి నుంచి, ఏం మారింది, వెడల్పెంత అన్నవి రాసి ఫొటో జతచేస్తే, అవతల ఉన్న నిపుణుడు ఆ పేషెంటును ఈ వారమే చూడాలో, వచ్చే నెల చూడవచ్చో తేల్చగలడు.